రెండో విస్తరాకు

మొన్న జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా జ్యూస్ కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకే కొబ్బరిబోండంలో రెండు స్ట్రాలు వేసుకుని తాగుతున్నారు. ఒకమ్మాయి తాగి ఆగుతుంది. రెండో అమ్మాయి బోండాన్ని వంచి లోపలికి చూసి, "నీ వంతు ఎక్కువైందే" అంటుంది. ఎవరో పిల్లలు, ఏదో సరదా. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది, వెనకే కడుపులో మంట కూడా లేచింది. మా తోడికోడలు గుర్తొస్తే నాకు ఈ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయి. ఆమె పోయి నెల దాటింది. పోయిన మనిషి మీద కూడా కుళ్ళుకునే ఆడది ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఉంది. చిల్లకల్లులో ఉంది, అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది, ఇప్పుడు ఇది రాస్తోంది.

ఆమెని చూడగానే ఎవరికైనా ముందు కనపడేవి కనుబొమ్మలు. నోటికంటే వాటితోనే ఎక్కువ మాట్లాడేది. కూరలో ఉప్పు చూడాలంటే గరిటెతో ఒక్క చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని నాకేది. నచ్చిందా, కళ్ళు తెరవకముందే కనుబొమ్మలు రెండూ పైకి లేచేవి. తను చేసిన పప్పుకైనా అంతే, ఎవరింటి పెళ్ళిలోనో వంటవాళ్ళు కలిపిన పులిహోరకైనా అంతే. నేను వండింది తిన్న ప్రతిసారీ "బాగుందక్కా" అనేది. నోటితోనే అనేది. కనుబొమ్మలు ఎక్కడివక్కడే ఉండేవి. ముప్పై ఏళ్ళు నేను ఆమె మొహంలో ఇంకేమీ చూడకుండా ఆ కనుబొమ్మల వంకే చూశాను.

చందర్లపాడు నుంచి మా ఇంటికి చిన్న కోడలిగా వచ్చింది. వచ్చిన నెలకే మా అత్తగారు తాళాలు నా దగ్గర ఉంచి వంటింటిని ఆమెకి ఇచ్చేశారు. తర్వాత ఇల్లు రెండు వాటాలైంది, రెండు పొయ్యిలయ్యాయి. అయినా మా ఆయన నేను వడ్డించిన కంచం ముందు కూర్చుని, "అటువైపు గోంగూర పప్పేమైనా ఉందేమో చూడు" అనేవారు. నేనే గిన్నె పట్టుకెళ్ళి తెచ్చేదాన్ని. ఆమె గిన్నె నిండా పోసి, పైన కాసింత నెయ్యి కూడా వేసి, "బావగారికి వేడిగా పెట్టు అక్కా" అనేది. ఆ నెయ్యి నేను వేసుకోలేనా? వేడిగా పెట్టాలని నాకు తెలీదా? గుమ్మం దాటేదాకా నవ్వుతూ ఉండి, దాటాక పళ్ళు కొరుక్కునేదాన్ని.

పద్నాలుగేళ్ళ కిందట మా ఆయన డెంగీ జ్వరంతో పోయారు. మా వాళ్ళలో పూడ్చడమే ఆనవాయితీ. మా చేలో, కాలవ గట్టు పక్కన, మామగారి సమాధి దగ్గర పెట్టారు. పదకొండో రోజుకి పెద్దకర్మ అయింది. పోయినవాళ్ళకి ఆ రోజుతో ఒక దారి ఏర్పడుతుంది అంటారు. మిగిలినదానికి దారి ఎవరూ చెప్పరు. నా గాజులు తీశారు, బొట్టు తీశారు, మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవచ్చో చెప్పినవాళ్ళు లేరు, ఎందుకంటే ఆ మళ్ళీ అనేదే లేదు. బడిలో పిల్లలు టీచరమ్మా అని చుట్టూ మూగేవాళ్ళు. వీధిలో నేను ఎదురొస్తే, బయల్దేరిన పెద్దవాళ్ళు వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. పేరంటం పిలుపులు పక్కవాటాకి వెళ్ళేవి, మా గుమ్మం ముందు నుంచే వెళ్ళేవి.

మా అమ్మాయి పెళ్ళి నందిగామలో చేశాం. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది మా మరిది, తోడికోడలు. ముందు రోజు ఆమె నా దగ్గరికొచ్చి, "అక్కా, నువ్వే కూర్చో. ఎవరేమంటారో నేను చూసుకుంటా" అంది. నిజంగానే అంది. "నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు" అని నేనే కసిరాను. తెల్లారి ఆమె పట్టుచీర కట్టుకుని నా అల్లుడి కాళ్ళు కడుగుతుంటే, నేను కల్యాణమండపం వంటగది తలుపు పక్కన నిలబడి చూశాను. పళ్ళెంలో నీళ్ళు పోయడం కూడా ఆమెకి ఎంత ఒద్దికగా వచ్చిందో. కూర్చోనన్నది నేనే. కూర్చున్నందుకు ఆమెని క్షమించనిదీ నేనే.

ఆ తర్వాత ఆమె వియత్నాం వెళ్ళింది. మా మరిది పెద్ద క్రేన్లు నడిపేవాడు. గాలిమరలు నిలబెట్టే కంపెనీ ఒకటి తెలుగువాళ్ళని ఓ పాతికమందిని ఆ దేశపు కొండల్లోకి పంపింది. వీళ్ళందరికీ అక్కడి తిండి సయించదు, వంటకి మన మనిషి కావాలి అన్నారు. పిల్లా జెల్లా లేనివాళ్ళు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ విమానం ఎక్కారు. నేను తిరపతి దాటి ఎరగను. ఆమె సంచిలో గోంగూర విత్తనాలు పోసుకుని సముద్రాలు దాటింది. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు ఒళ్ళు కాస్త నల్లబడింది, కనుబొమ్మలు మాత్రం ఇంకా ఎక్కువగా ఎగరడం మొదలెట్టాయి.

ఇక చూడాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధిలో ఆడవాళ్ళందరూ ఆమె అరుగు మీదే. ఏం చెప్పినా బహ్నార్ వాళ్ళ గురించే. అక్కడ కొండల్లో ఉండే జాతి వాళ్ళంట. వీళ్ళ క్యాంపు పక్కనే వాళ్ళ ఊరంట. వెదురు కొమ్ములు, కర్రపెండలం ఆకులు అమ్మడానికి మెస్సుకి ఒక ముసలావిడ వచ్చేదంట, ఆవిడా ఈమె జట్టుకట్టారంట. ఒకరి భాష ఒకరికి రాదు. వంట దగ్గర భాష ఎందుకక్కా అనేది.

"ఊరి మధ్యలో ఒక ఇల్లు కడతారు. అది ఎవరిదీ కాదు, ఊరందరిదీ. కప్పు ఎంత ఎత్తంటే, మన హైవే పక్కన కోల్డ్ స్టోరేజీ ఉందా, దాని పక్కన పెట్టినా అదే ముందు కనపడుద్ది. అంతా గడ్డే."

"గడ్డి కప్పు ఆగుద్దా?" అని ఎవరో అడిగేవాళ్ళు.

"ఊరంతా కలిసి కడితే ఎందుకాగదూ. వాళ్ళ పాట కూడా అంతే. మగాళ్ళు వరసగా నిలబడి కంచు పళ్ళేల్లాంటి గంటలు కొడతారు. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కటే, ఒక్కోదానికి ఒక్కటే మోత. ఒకళ్ళు మానేసారనుకో, పాట కుంటిదైపోద్ది. మిగతావాళ్ళు ఎంత బాగా కొట్టినా అవదు."

పెళ్ళైనాక మొగుడూ పెళ్ళాం కొన్నేళ్ళు పిల్ల పుట్టింట్లో, కొన్నేళ్ళు మొగుడి పుట్టింట్లో మార్చి మార్చి ఉంటారని చెప్తే అరుగంతా నవ్వులు. సంబంధం ఆడపిల్ల వైపు నుంచి కూడా అడగొచ్చని చెప్తే ఇంకా నవ్వులు. "ఇవన్నీ మనకెందుకమ్మా, పనులు లేవా" అని నేను లేచి లోపలికి వచ్చేసేదాన్ని. వచ్చి, మధ్యతలుపు వెనక నిలబడి చివరిదాకా వినేదాన్ని. ఒక్క ముక్క కూడా పోనిచ్చేదాన్ని కాదు.

ఆమె అక్కడి నుంచి తెచ్చిన అలవాట్లలో కుండ ఒకటి. బహ్నార్ వాళ్ళు బియ్యం పులియబెట్టి చేసిన సారా ఒక జాడీలో పోసి, సన్నని వెదురు గొట్టాలు వేసి తాగుతారంట. జాడీ మూతి మీద అడ్డంగా ఒక పుల్ల పెడతారు. దాని మధ్య నుంచి చిన్న ముల్లు కిందికి వేలాడుతూ ఉంటుంది. అంచు దాకా నీళ్ళు పోస్తారు. నీ వంతు వస్తే ఆ ముల్లు బయటపడేదాకా తాగాలి. అప్పుడు మళ్ళీ అంచు దాకా నీళ్ళు పోసి పక్కవాళ్ళకి ఇస్తారు. ఎవరికీ ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. ఈమె సారాకి బదులు కుండలో మజ్జిగ పోసి, కొబ్బరీనె పుల్ల అడ్డం పెట్టి, దానికి తుమ్మముల్లు గుచ్చి, డ్రిప్పు పైపు ముక్కలు కడిగి వేసి, వీధి పిల్లలందరితో తాగించేది. "ముల్లు కనపడలా, ఇంకా తాగు" అని కనుబొమ్మలు ఎగరేసేది. ఒకే కుండలో అందరూ నోళ్ళు పెడితే ఎంగిలి కాదా అని నేను అడిగాను.

"ఎవరి గొట్టం వాళ్ళదేగా అక్కా. ఎంగిలి గొట్టానికి, కుండకి కాదు. రా, నీ గొట్టం కూడా పెట్టా."

నేను వెళ్ళలేదు. పైపు ముక్కల్లో ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉండేది. దానికి ఎర్ర దారం కట్టి ఉంచింది. నాదేనని నాకు తెలుసు.

రెండోది ఒక కొయ్యబొమ్మ, జానెడుంటుంది. మనిషి గొంతుక్కూర్చుని, రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని ఉంటాడు. ముసలావిడ తమ్ముడు చెక్కి ఇచ్చాడంట. దాన్ని తెచ్చి టీవీ పక్కన పెట్టింది. చెంపకి చెయ్యి పెట్టుకుని కూర్చుంటేనే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తిడతారు. అలాంటిది బొమ్మనే తెచ్చి పెట్టుకుంటారా అని అడిగాను.

"అది సమాధుల దగ్గర పెట్టే బొమ్మలే అక్కా. అక్కడ పెద్దవి ఉంటాయి, నిలువెత్తువి. మనం ఎల్లకాలం అట్టా కూర్చోలేం కదా. మన బదులు అది కూర్చుంటది."

అప్పుడే చెప్పింది, ఆ ముసలావిడ మొగుడి సంగతి. బహ్నార్ వాళ్ళు పోయినవాళ్ళని పూడ్చి, పైన చిన్న పాక వేస్తారంట. ఇంట్లోవాళ్ళు అన్నం తీసుకెళ్ళి పెడుతూ ఉంటారు, ఊడుస్తూ ఉంటారు, కాసేపు కూర్చుని వస్తారు. ఏడాదో, రెండేళ్ళో, మూడేళ్ళో. అన్నాళ్ళూ పెళ్ళానికి పండగ లేదు, మంచి గుడ్డ లేదు. అంతవరకు మనలాగే. తర్వాత అందరికీ కుదిరినప్పుడు ఒక పెద్ద విందు చేస్తారు, పొథి అంటారంట. సమాధి మీద పాక కొత్తగా కట్టి, చుట్టూ బొమ్మలు నిలబెట్టి, గంటలు కొడతారు, ఏడుస్తారు, ఆడతారు, అందరూ తింటారు. అయ్యాక ఆవిడకి నీళ్ళు పోసి, తల దువ్వి, కొత్త గుడ్డ కడతారు. అక్కడితో సరి. సమాధి వైపు మళ్ళీ వెళ్ళరు. బొమ్మలు వానకి తడిసి, పుచ్చి, అడివిలో కలిసిపోతాయి. పోయినవాళ్ళు చివరికి మంచు అయిపోతారంట.

"మొగుడితో ఏం చెప్పిందో తెలుసా? ఇయ్యాళ్టి నుంచి నీకు అన్నం తేను, నీ ఊరికి నువ్వు వెళ్ళు, నా ఇంటికి నేను వెళ్తా అంది. పెళ్ళామే చెప్పాలంట, ఇంకెవరు చెప్పినా చెల్లదంట. తర్వాత రోజు మెస్సుకి ఎర్ర అంచు గుడ్డ కట్టుకుని వచ్చింది అక్కా, నేను గుర్తుపట్టలా."

ఆ రోజు నేను మధ్యతలుపు వెనక కాదు, ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను. నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఎక్కడో కొండల్లో, పేరు కూడా తెలియని ముసలిదాని మీద అంత అసూయ పుట్టింది నాకు. దానికి ఒక రోజు ఉంది. ఫలానా రోజున నీ పని అయిపోయింది, లేచి తల దువ్వుకో అని ఊరు ఊరంతా వచ్చి చెప్పింది. నా తల ఎవరు దువ్వుతారు? అక్కడి నుంచి లేచి వచ్చి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఏడాదికే మా మరిది గుండెపోటుతో పోయాడు. అన్న పక్కనే పెట్టారు. పదకొండో రోజు అయ్యాక, పన్నెండో రోజు పొద్దున ఆమె టిఫిన్ క్యారేజీ సర్దుకుని మస్తాన్ ఆటో ఎక్కింది. మస్తాన్ మా ఊరివాడే, జగ్గయ్యపేటకి ఆటో తిప్పుతాడు. చేను దారిలోనే. ఆటో దిగి, గట్టు మీద విస్తరాకు వేసి, అన్నం పెట్టి, పావుగంట కూర్చుని, మళ్ళీ వచ్చేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడేళ్ళు. వానొస్తే గొడుగుతో వెళ్ళేది. నేను ఆ గట్టు వైపు ఒక్కసారీ వెళ్ళలేదు. పొలం కౌలుకిచ్చాం, వెళ్ళే పనీ లేదు. ఆడవాళ్ళు అలా వెళ్ళడం మన దగ్గర ఉందా అని నలుగురితో అంటూ ఉండేదాన్ని.

మూడేళ్ళు నిండాక ఒక సాయంత్రం వచ్చి, నా వంటింటి గుమ్మంలో కూర్చుంది.

"ఆదివారం చేలో భోజనాలు పెడతన్నా అక్కా. డప్పులోళ్ళకి చెప్పా. అందరినీ పిలిచా. నువ్వు రావాలి. నువ్వు రాకపోతే అవదు."

"నేనెందుకు? నీ మొగుడు, నీ భోజనాలు."

"నువ్వు రాకపోతే అవదు అక్కా" అని మళ్ళీ అదే మాట అని, నా పొయ్యి మీద పులుసు అరచేతిలో వేసుకుని నాకి, "బాగుంది" అని వెళ్ళిపోయింది. కనుబొమ్మలు లేవలేదు.

మర్యాదకి అందనుకున్నాను. మర్యాద కాదు, ఎచ్చులు అనుకున్నాను. నేను లేనిదే జరగదంట, నా ముందు తను విడుదలై కొత్తచీర కట్టుకోవాలి, అది నేను చూడాలి. రాత్రంతా అదే ఆలోచించి, పొద్దున్నే కంచికచర్లలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"వదినా, విన్నావా? ఆదివారం డప్పులు కొట్టిస్తందంట."

"తమ్ముడు పోయినందుకు డప్పులా?"

"డప్పులే కాదు. ఒకే కుండలో మజ్జిగ పోసి అందరూ గొట్టాలేసుకుని తాగాలంట."

"ఎంగిలి కుండా?"

"అంతేగా మరి. ఇది అయ్యాక అక్కడి ఆడవాళ్ళు మళ్ళీ పెళ్ళి కూడా చేసుకోవచ్చంట. ఇంక నువ్వే అర్థం చేసుకో."

ఆ ఫోన్లో నేను ఏం చేశానో నాకు తెలుసు. ఆ చివరి మాట ఆమె నాతో ఎప్పుడో మామూలుగా చెప్పింది. ముసలావిడ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, కూతురింట్లో ఉంది అని కూడా చెప్పింది. ఆ రెండో ముక్క నేను ఆడపడుచుకి చెప్పలేదు. మిగతా చుట్టాలందరికీ చేరవేసే పని మా ఆడపడుచు చూసుకుంది. ఆదివారం పొద్దున్నే నేను బస్సెక్కి నందిగామ మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయాను. "పిన్ని భోజనాలకి వెళ్ళలేదేంటమ్మా?" అంటే, "నాకు ఒంట్లో బాగాలేదు" అన్నాను. సాయంత్రం దాకా మనవరాలికి జడలు వేస్తూ, విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చున్నాను.

చుట్టాల్లో ఒక్కరూ వెళ్ళలేదని తర్వాత తెలిసింది. మిరపకాయలు కోసే కూలీ ఆడవాళ్ళు, డప్పులవాళ్ళు, మస్తాన్ తిన్నారంట. నాకు సంతోషం కలిగిందని చెప్పడానికి సిగ్గుపడాలి, కానీ కలిగింది. మర్నాడు ఇంటికొచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. జడలో రెండు మల్లెపూలు కూడా ఉన్నాయి. ఎవరూ రాని విందు చేసుకున్న మనిషి మొహంలా లేదది. తేటగా ఉంది.

"వస్తావనుకున్నా అక్కా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత వీధిలోవాళ్ళు నాలుగు రోజులు గుసగుసలాడి మానేశారు. ఆమె పూలు మానలేదు. పెళ్ళీ చేసుకోలేదు. నాకు మాత్రం ఒక్క ఆసరా దొరికింది. వారం తిరక్కుండానే మళ్ళీ క్యారేజీ సర్దుకుని మస్తాన్ ఆటో ఎక్కింది. రోజూ కాదు, వారానికి రెండు మూడు సార్లు. నేను ఊరుకోగలనా?

"ముగిసిందన్నావుగా. డప్పులు కూడా కొట్టించావు. ఇంకా మోస్తున్నావే?"

ఆటోలో కూర్చుని క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. "ఆకలి ఎవరికో ఒకరికి ఉంటదిగా అక్కా."

"మరి ఆ నాటకమంతా దేనికి?" అన్నాను. మస్తాన్ ముందే అన్నాను. మస్తాన్ బండి తీశాడు. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఎవరు దొరికితే వాళ్ళతో ఆ నాటకం గురించే చెప్పాను. పొథి చేసుకుంటే సరిపోద్దా, వదులుకోవడం దాని తరం కాలేదు, అది కూడా నాలాంటిదే అని. అలా చెప్పినప్పుడల్లా నాకు కాస్త నిద్ర పట్టేది.

పోయిన నెల ఒక రోజు పొద్దున్నే ముగ్గు వేస్తూ పడిపోయింది. విజయవాడ తీసుకెళ్తుంటే కంచికచర్ల దగ్గరే ప్రాణం పోయింది. నా కూతురు "పిన్నీ" అని మీద పడి ఏడ్చింది. రేపు నాకోసం ఇంత ఏడుస్తుందా అని ఆ క్షణంలో కూడా అనుకున్నాను, చూడండి నా బుద్ధి. అల్లుడే కర్మ చేశాడు. మగవాళ్ళు తీసుకెళ్ళి ఆమె మొగుడి పక్కనే పెట్టి వచ్చారు. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఇదంతా జ్యూస్ కొట్టు ముందు నిలబడి తలుచుకుంటూ ఉంటే, బస్సు రాలేదు గానీ మస్తాన్ ఆటో వచ్చింది. ఎక్కాను. ఊరు దాటాక మా చేను దగ్గరకి వచ్చేసరికి, అలవాటు కొద్దీ కాబోలు, బండి నెమ్మది చేశాడు.

"ఇక్కడ ఆపమని రోజూ చెప్పే మనిషి లేదు టీచరమ్మా" అన్నాడు.

"రోజూ ఎక్కడ? విందు అయ్యాక ఆపాలిగా, ఆపలేకపోయింది" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

మస్తాన్ బండి పక్కకి తీసి ఆపేశాడు. "మీకు తెలీదా అమ్మా? చిన్నయ్యగారికి ఆ ఆదివారంతోనే ఆపేసింది. మళ్ళీ ఆయన సమాధి వంక చూడను కూడా చూళ్ళా. ఆ తర్వాత రెండేళ్ళూ తెచ్చింది పెద్దయ్యగారికి."

నాకు అర్థం కాలేదు. ఎవరికి అని అడిగాను.

"మీ ఆయనకమ్మా. మూడేళ్ళూ ఇద్దరికీ పెట్టేది. ఆదివారం రెండు విస్తరాకులు వేసింది, రెండు కొత్తచీరలు తెచ్చింది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది. మధ్యాహ్నం దాకా రోడ్డు వంకే చూసింది. డప్పులోళ్ళు ఇంక మొదలెడదామంటే, చిన్నయ్యగారికి చెప్పాల్సింది చెప్పేసి, నీళ్ళు పోసుకుని చీర మార్చుకుంది. పెద్దయ్యగారిది కూడా చెప్పెయ్యమ్మా, అందరూ తినాలిగా అన్నా నేను. అది నేను చెప్తే చెల్లదు మస్తాన్, మా అక్కే చెప్పాలి, మా అక్క వచ్చేదాకా ఆయనకి అన్నం ఉండాలి అంది."

మస్తాన్ నా వంక చూడకుండా రోడ్డు వంక చూస్తున్నాడు. నువ్వు రాకపోతే అవదు అంటే, నిజంగానే అవదని. ముసలిదాని మీద కుళ్ళుకున్నానే, ఆ రోజు నాకూ వచ్చింది. నా చిల్లకల్లులో, నా చేలో, ఒక ఆదివారం నాకోసం రెండో ఆకు వేసి, డప్పులు తెచ్చి, నీలం చీర మడతపెట్టి ఎదురుచూసింది. నేను నందిగామలో జడలు వేస్తూ కూర్చున్నాను. నా నోరే నాకు ఆ రోజు లేకుండా చేసిందని అప్పుడు తెలిసింది. ఏడ్చాను. మస్తాన్ ముందే ఏడ్చాను.

ఏడుస్తూనే ఇంకోటి కూడా తోచింది, దాన్ని దాచడం దేనికి. ఐదేళ్ళు నా మొగుడికి ఆమె అన్నం పెట్టింది. పోయాక కూడా ఆయన ఆమె చేతి గోంగూర పప్పే తిన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె బీరువా తీశాను. నీలం చీర మడత విప్పకుండా అడుగున ఉంది. టీవీ పక్కన బొమ్మ లేదు. నేను గోంగూర తెంపి, కడిగి, పప్పు పెట్టాను. నా పద్ధతిలోనే పెట్టాను, ఆమెలా వెల్లుల్లి దంచి వెయ్యలేదు. క్యారేజీ సర్దుకుని మస్తాన్ ఆటో ఎక్కి, పద్నాలుగేళ్ళ తర్వాత ఆ గట్టు మీద అడుగుపెట్టాను. బొమ్మ అక్కడుంది. మా మరిది దగ్గర కాదు, మా ఆయన తలవైపు. రెండు వానాకాలాలకి చెక్క పగిలి, ఒక చెవి పోయింది. రెండు చేతులూ చెంపలకి పెట్టుకుని నా బదులు కూర్చుని ఉంది.

విస్తరాకు వేసి, అన్నం పెట్టి, పప్పు పోశాను. "ఇన్నాళ్ళూ దాని వంట తిన్నారుగా. ఈ ఒక్క పూట నాది తినండి" అన్నాను. పావుగంట కూర్చున్నాను. తర్వాత చెప్పాల్సిన మాట చెప్పాను. ఇయ్యాళ్టి నుంచి మీకు అన్నం తేను, మీ ఊరికి మీరు వెళ్ళండి, నా ఇంటికి నేను వెళ్తా. రెండుసార్లు చెప్పాను. కాలవలో నీళ్ళు తీసుకుని తల మీద పోసుకుని, మోటారు షెడ్డు వెనక్కెళ్ళి నీలం చీర కట్టుకున్నాను. తల నేనే దువ్వుకున్నాను. దువ్వే మనిషిని నేనే పోగొట్టుకున్నాను.

తర్వాత చివరి సమాధి దగ్గరకి వెళ్ళి, దానిమీద మట్టి ఇంకా అణగలేదు, రెండో ఆకు వేశాను. ఆమెకి మూడేళ్ళు పెట్టాలి. పెడతాను, వానొస్తే గొడుగుతో వస్తాను. మిగిలిన పప్పంతా పోసి, నెయ్యి కూడా వేసి, ఎదురుగా కూర్చుని ఆ మట్టి వంకే చూశాను, కనుబొమ్మలు లేచాయో లేదోనని.